ధూళిరథ స్వయంవరం

అవతారిక

కావ్యారంభంలో ఇష్టదేవతలను కొలవడం మన కవుల మర్యాద. అందుచేత ముందుగా, తేనెరంగుతో పుట్టి, ఇనుముకూ ఇనుముకూ మధ్య నలిగి కలహం రానివ్వక, చివరికి నల్లబడి నేలరాలే త్యాగమూర్తి ఇంజన్ ఆయిలుకు నమస్కారం. గుట్టల మీద పుట్టి, కుర్రవాళ్ల కళ్లలో పెరిగి, ఎయిర్ ఫిల్టరులో లయమయ్యే ఎర్రధూళికి నమస్కారం. పన్నెండో నంబరు నట్టుకు పదమూడో నంబరు స్పానరు పెట్టి తిప్పని ప్రతి మెకానిక్కుకూ సాష్టాంగ నమస్కారం.

పూర్వకవి స్తుతి కూడా జరగాలి. 1978 డిసెంబరు చివర్లో పారిస్ నుంచి బయలుదేరి, సహారా ఇసుక మింగుతూ డకార్ దాకా బళ్లు తోలిన సాహసికులు మా దారికి వాల్మీకులు. 2015లో ఆ డకార్ ర్యాలీని చివరిదాకా నడిపి ముగించిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ మాకు నన్నయ. ర్యాలీ సౌదీ అరేబియా ఎడారులకు మకాం మార్చాక, 2024లో ర్యాలీ-2 తరగతి గెలిచిన కేరళ వీరుడు హరిత్ నోవా మాకు తిక్కన. ఎర్రన స్థానం ఇంకా ఖాళీగానే ఉంది. తెలుగువాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక కుకవి నింద. "సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, డాక్టరుగారు వాడిన బండి, మట్టిలో ఒక్కసారి కూడా దింపలేదు" అని రాసి, దాని పక్కనే మడ్‌గార్డు కింద పిడికెడు బురద కనిపించే ఫొటో పెట్టే ప్రకటన కవులారా! అతిశయోక్తి అలంకారమే, కాదనను. దానికి అడ్వాన్సు అడగడం మాత్రం ఏ లక్షణ గ్రంథంలోనూ లేదు.

ప్రబంధానికి పద్ధెనిమిది వర్ణనలుండాలని లాక్షణికుల శాసనం. పేజీల కరువు వల్ల కొన్నిటిని సర్దుకున్నాను. మధుపానం పెట్రోలు బంకులోనూ, ద్యూతం బేరంలోనూ, విప్రలంభం ఆర్టీఓ ఆఫీసు బెంచీ మీదా, జలక్రీడ బాహుదా ఏటిలోనూ జరుగుతాయి. కుమారోదయం మాత్రం లేదు. నాయకుడికి ఇంకా పెళ్లి కాలేదు, అందుకు దాచిన సొమ్మే ఈ రథానికి పెట్టుబడి.

పురవర్ణన, నాయక వర్ణన

మదనపల్లె అని ఒక పట్టణం ఉంది. అక్కడి మార్కెట్టులో తెల్లవారకముందే టమోటా పెట్టెలు కొండలుగా పేరుకుంటాయి. తూర్పున ఎరుపు కనిపిస్తే అది సూర్యోదయమో, కొత్త లోడు దిగడమో కొత్తవారికి తేల్చుకోవడం కష్టం. 1919లో రవీంద్రుడు వచ్చి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకున్న చల్లని ఊరు అది. ఆ ఊరికి కాస్త దూరంలో, ఏనుగుల మల్లమ్మ కొండ అనే హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగులకు పైగా లేచి నిలబడి, కింద ఉన్న మగవాళ్లందరినీ చిన్నచూపు చూస్తుంటుంది.

ఆ చిన్నచూపు మనసులో గుచ్చుకున్నవాడు ఒక భౌతికశాస్త్ర లెక్చరరు. అయిదడుగుల అయిదంగుళాల ఔన్నత్యం కలవాడు, కొలిచేటప్పుడు బూట్లు విప్పనివాడు, సుద్దముక్క ధూళి తప్ప వేరొక ధూళి ఎరగనివాడు. గురుత్వాకర్షణను ఏళ్ల తరబడి నల్లబల్ల మీద నిరూపించాడే గాని ఒంటి మీద ప్రయోగించి చూడలేదు.

అట్టి వానికి ఒక రాత్రి సెల్‌ఫోను అనే మాయాదర్పణంలో దర్శనమైంది. ఎవరో పేరు తెలియని వీరుడు, ఫుట్‌రెస్టుల మీద నిటారుగా నిలబడి, ఏనుగు కుంభస్థలాల వంటి బండరాళ్ల మీదుగా బండిని నడిపించుకుపోతున్నాడు. మన్మథావస్థలు పది అంటారు. చూపు కలవడం, మనసు తగులుకోవడం, నిద్ర పట్టకపోవడం, ఒళ్లు చిక్కడం, ఇవన్నీ వారం తిరగకుండా అయిపోయాయి. సిగ్గు విడవడం దగ్గరికి వచ్చేసరికి, కలలో మేఘం రంగున్న విదేశీ రేసు గుర్రం, 450 సీసీది, కనిపించసాగింది. ఉన్మాదావస్థలోకి అడుగు పెట్టబోతూ ఒకసారి బ్యాంకు పాస్‌బుక్కు చూసుకున్నాడు. వెంటనే జ్వరం రెండు డిగ్రీలు తగ్గింది.

మంత్రాంగం

రాజన్నవాడు దండయాత్రకు ముందు మంత్రులను పిలవాలి. మొదటి మంత్రి అమ్మ. ఆమె ప్రసంగం క్లుప్తం, శత్రుభయంకరం.

"ఏమిరా, గవర్నమెంటోళ్లు కోట్లు పోసి రోడ్లేసింది, నువ్వు దాని పక్కన గుంతల్లో పోయేదానికా?"

ఈ ప్రశ్నకు న్యూటన్ మూడు సూత్రాల్లోనూ జవాబు దొరక్కపోవడంతో నాయకుడు రెండో మంత్రిని ఆశ్రయించాడు. ఆయన బస్టాండు వెనక రేకుల షెడ్డులో కొలువు తీరే మెకానిక్కు. గ్రీజు మరకల చొక్కాయే ఆయనకు కవచం, చెవి వెనక పెట్టుకున్న స్క్రూడ్రైవరే కిరీటం. నాయకుడి స్వప్నవృత్తాంతమంతా విని, కార్బురేటరు జెట్టులోకి నోటితో గాలి ఊది, మెల్లగా అన్నాడు.

"ఆ 450 గుర్రాలు మనకొద్దు సార్. వాటికి నంబరు ప్లేటు రాదు, సీటు మీ ఛాతీ దాకా ఉంటాది, ఇంజన్ పని గంటల లెక్కన చేయించాల. యాక్సిలేటరు ఊరికే ఇట్లా కదిలిస్తే చాలు, బండి ముందుకు పోతాది, మీరు యాడున్నారో ఆడే ఉంటారు."

"మరి ఎట్లాంటిది కొనాలన్నా?"

"పాతది, తేలికైంది, పార్టులు దొరికేది, కాగితాలు సక్రంగా ఉండేది. మొదటి బండి గెలిచేదానికి కాదు సార్, పడేదానికి. కొత్త బండి కొంటే గీత పడతాదేమోనని మీరు దాన్ని కాపాడతా కూర్చుంటారు, నేర్చుకునేది ఏమీ ఉండదు. చేతిలో ఎంతుంది?"

"లక్షా ఇరవై వేలు."

"అందులో నాలుగో వంతు తీసి పక్కన పెట్టండి. అది బండికి కాదు, మీ ఒంటికి. హెల్మెట్టు, బూట్లు, మోకాళ్లకు, మోచేతులకు, ఛాతీకి గార్డులు, గ్లవుజులు. మిగిలిన తొంభై వేలల్లో బండి, దాని మొదటి రిపేరు."

చాణక్యుడు కోశాగారాన్ని నాలుగు పాళ్లు చేయిస్తే చంద్రగుప్తుడి ముఖం ఎలా ఉండేదో అలా పెట్టి నాయకుడు ఒప్పుకున్నాడు.

స్వయంవరం

శుభముహూర్తాన ఇద్దరూ బస్సెక్కి చింతామణి మీదుగా ప్రయాణమై, హోస్కోటె దాటాక ఒక సెకండ్‌హ్యాండ్ బళ్ల షెడ్డు చేరుకున్నారు. స్వయంవర మంటపం అది. రేకుల కప్పు, నూనె మరకల ముగ్గులు, పూలదండలకు బదులు రబ్బరు ట్యూబులు. సాధారణంగా దండ పట్టుకు నడిచేది వధువు, వరుసగా కూర్చునేది రాజులు. ఇక్కడ దండ వరుడి చేతిలో ఉంది, పైగా దానికి ఈఎంఐ లేదు. చెలికత్తె స్థానంలో మెకానిక్కు ముందు నడుస్తూ ఒక్కొక్కరి వంశ ప్రతాపాలు వర్ణించసాగాడు.

"ఇదిగో సార్, యమహా వంశోత్తముడు, ఆర్ఎక్స్ 100. 1985లో మన దేశంలో అవతరించి 1996లో అవతారం చాలించిన 98 సీసీ టూ స్ట్రోకు. ఈయన అరుపు వింటే నడివయసు మగవాళ్లకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి." నాయకుడికీ తిరిగాయి, అది పొగ వల్ల. ఆ రాజుగారికి ఎవరో గుబ్బల టైర్లు తొడిగి, మడ్‌గార్డు పైకెత్తి, సైలెన్సరు కోసి మట్టివేషం కట్టారు. ఆర్‌సీలో ఉన్న రూపం ఒకటి, కళ్లెదుట ఉన్న రూపం మరొకటి. మోటారు వాహనాల చట్టం ఇట్లాంటి కామరూపాలను ఒప్పుకోదు. పైగా పాత ప్రేమికులు ఎగబడడంతో ధర ఆకాశంలో ఉంది. "దీన్ని కొండెక్కించేది పాపం సార్, ఇంట్లో పెట్టి పూజ చేసుకోవాల" అని మెకానిక్కు నమస్కరించి ముందుకు కదిలాడు.

రెండవ రాజు ఇంపల్స్. హీరో, హోండా విడిపోయిన కొత్తలో, 2011లో, హీరో దింపిన 150 సీసీ తరగతి మట్టిబండి. బక్కపలచని దేహం, ఎత్తైన నడుము, వినయశీలం. దేశం మట్టిదారుల వైపు చూడకముందే పుట్టి, ఎవరూ చూడకుండానే రాజ్యం పోగొట్టుకున్న ధర్మాత్ముడు. గుణంలో లోపం లేదు. కాని పరివారం చెదిరిపోయింది, ఒక ప్లాస్టిక్కు ముక్క విరిగితే మరొకటి కోసం ఊరూరా తిరగాలి. "ఇంట్లో దీని తమ్ముడు ఇంకొకడుంటే, వాని పార్టులు పీకి దీనికి పెట్టుకుంటామంటే కొనొచ్చు" అన్నాడు మెకానిక్కు. నాయకుడు ఒక నిట్టూర్పు కానుకగా ఇచ్చి కదిలాడు.

మూడవవాడు ఆకుపచ్చ మేనివాడు, కవాసకీ కులజుడు, కేఎల్ఎక్స్ 140. సుమారు వంద కిలోల దేహం, అచ్చమైన మట్టిబిడ్డ. హెడ్‌లైటు లేదు, అద్దాలు లేవు, నంబరు ప్లేటు అసలే లేదు. నేర్చుకునేవాడికి ఇంతకంటే సౌమ్యుడైన గురువు దొరకడు. చిక్కొక్కటే, ఆయన రోడ్డు మీద పాదం మోపడు. పల్లకిలో రావాలి, పల్లకిలో పోవాలి. ఆ పల్లకి పేరు టాటా ఏస్. "సొంత ట్రాలీ ఉండి, దగ్గర్లో ట్రాకు ఉంటే కళ్లు మూసుకుని కొనండి. లేదంటే బాడుగకే జీతం అయిపోతాది" అనగా, నాయకుడు కళ్లు తెరుచుకునే దాటేశాడు.

నాలుగవ ఆసనంలో గిరిరాజ సమానుడు కూర్చుని ఉన్నాడు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2016లో అవతరించిన 411 సీసీ మహాకాయుడు, ముందు చక్రం ఇరవై ఒక్క అంగుళాలు, గొంతు మంద్రస్థాయి. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లే కావడంతో ఎక్కి కూర్చోగానే నాయకుడి రెండు పాదాలూ నేలకు ఆనాయి. "ఇదే, ఇదే" అని ఆయన హృదయం ఢంకా కొట్టింది. షెడ్డు యజమాని రసీదు పుస్తకం కోసం లోపలికి పోబోయాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు మెకానిక్కు. నేల మీద నాలుగు గోనెసంచులు పరిచి, యజమాని లబోదిబోమంటుండగానే బండిని మెల్లగా పడుకోబెట్టాడు. "లేపండి సార్."

జనకుని సభలో విల్లు కదపలేక తిరిగిపోయిన రాజులు ఎందరో ఉన్నారట. వారిలో ఒక్కరైనా భౌతికశాస్త్రం చదివి ఉంటే ముందే లెక్క కట్టేవారు. మన నాయకుడు చదివీ కట్టలేదు. బీఎస్-6 హిమాలయన్ బరువు 199 కిలోలు. హ్యాండిల్ రెండు చేతులా పట్టి, నడుము వంచి, ఇష్టదైవాన్ని తలచి, ఒక్క గుంజు గుంజాడు. భూమి కంపించలేదు, దిక్కులు మారుమోగలేదు, వెన్నులో మాత్రం ఒక చిన్న శబ్దం పుట్టింది. బండి యోగనిద్రలోనే ఉంది.

"మంచి బండి సార్ ఇది. లడఖ్ పొయ్యేదానికి, లగేజీ కట్టుకుని ఊళ్లు తిరిగేదానికి దీన్ని మించింది లేదు. మీరు మాత్రం ఇసకలో మూడుసార్లు పడితే నాలుగోసారి దాన్ని ఆడే వదిలేసి నడిచొస్తారు" అని మెకానిక్కు తీర్పు చెప్పాడు.

మాయానల పరీక్ష

షెడ్డు చివర ఎక్స్‌పల్స్ 200లు మూడు నిలబడి ఉన్నాయి. 2019లో హీరో విడుదల చేసిన ఈ వంశం లక్షణాలు లోకవిదితం. ముందు చక్రం ఇరవై ఒక్క అంగుళాలు, వెనకది పద్ధెనిమిది, నేలకూ పొట్టకూ మధ్య ఖాళీ 220 మిల్లీమీటర్లు, సీటు ఎత్తు 823, బరువు నూట యాభై కిలోల పైచిలుకు. పార్టులు మదనపల్లెలోనే దొరుకుతాయి. పద్ధెనిమిది గుర్రాల దరిదాపు శక్తే అని రేసువీరులు పెదవి విరుస్తారు గాని, నేర్చుకునేవాడి చేతికి అది రక్షాకంకణం.

దమయంతి స్వయంవరంలో నలుగురు దేవతలు నలుడి వేషంలో కూర్చుంటే, ఆమె గుర్తుపట్టిన తీరు భారతం చదివినవాళ్లకు తెలుసు. దేవతలకు చెమట పట్టలేదు, దండలు వాడలేదు, రెప్పలు కదలలేదు, పాదాలు నేలకు తాకలేదు. అసలు నలుడికి చెమటా ఉంది, దుమ్మూ ఉంది. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవారికి అంతకంటే గొప్ప శాస్త్రం ఇంతవరకు ఎవరూ రాయలేదు.

మొదటి ఎక్స్‌పల్స్ దివ్యతేజంతో వెలిగిపోతోంది. చెమట చుక్క లేదు, ధూళి రేణువు లేదు, మీటరులో ఆరు వేల కిలోమీటర్లే. మెకానిక్కు ముందుగా ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశాడు, వెచ్చగా ఉంది. వీళ్లు వచ్చే ముందే ఎవరో దాన్ని నిద్రలేపి ఉంచారు. చల్లటి ఇంజను చెప్పే నిజాలు వేడి ఇంజను చెప్పదు. తర్వాత టైరు పక్కన అచ్చుపోసిన నాలుగు అంకెలు చదివాడు, 3523. అంటే 2023లో ముప్పై అయిదో వారం పుట్టిన టైరు. బండి పుట్టింది 2019లో. ఆరు వేల కిలోమీటర్లకే మొదటి టైర్లు అరిగి కొత్తవి ఎక్కాయంటే మీటరో, టైరో, ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఫుట్‌రెస్టు రబ్బర్లు కొత్తవి, బ్రేకు పెడలు కొస మాత్రం అరిగి అద్దంలా మెరుస్తోంది. చివరగా ఆయిల్ మూత విప్పితే లోపల నూనె పాలు కలిపిన కాఫీ రంగులో కనిపించింది. ఏదో ఏటి నడుమ ఇంజను నీళ్లు తాగిందన్నమాట. డాక్టరుగారు నిజంగానే వాడి ఉంటే, రోగి ఆయన చేతిలోనే పోయినట్టు లెక్క.

రెండవది సర్వాభరణ భూషితం. ర్యాలీ కిట్టు, మిరుమిట్లు గొలిపే ఫాగ్‌లైట్లు, కొత్త సైలెన్సరు, అడుగడుగునా స్టిక్కర్లు. నాయకుడు ఆశగా ఎక్కి కూర్చున్నాడు. పొడవాటి సస్పెన్షన్ వల్ల సీటు ఇంకా పైకి పోయి, దేవతలకు మల్లే ఆయన పాదాలు నేలకు తాకలేదు. గాలిలో కాసేపు దివ్యంగా వేలాడి దిగాడు. ఈలోగా మెకానిక్కు ముందు చక్రం పైకెత్తించి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పాడు. నడిమికి రాగానే గుంతలో పడినట్టు ఆగింది. "కోన్‌సెట్ పోయింది." ఫోర్కు రాడ్ల చుట్టూ నూనె వలయాలు, ఆయిల్ సీళ్లు కన్నీరు పెడుతున్నాయి. వెనక స్ప్రాకెట్టు పళ్లు పులిగోళ్లలా ఒకే వైపుకు వంగాయి. స్టార్టు చేయగానే నీలిపొగ లేచింది. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువ తాగుతోందని సరిపెట్టుకోవచ్చు, నీలిపొగ అంటే ఇంజను తన నూనెను తానే తాగుతోంది. "హాఫింజన్ పనుంది" అని మెకానిక్కు మరణవార్త చెప్పే గొంతుతో అన్నాడు. అప్పుడు టార్చిలైటు వేసి, హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర ఒక పెద్ద స్టిక్కరు అంచు గోటితో లేపాడు. కింద వెల్డింగు మచ్చ. నడివేసవిలో మఫ్లరు చుట్టుకున్న మనిషిని చూసినట్టు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మూడవది మూల నుంచుంది. ఎడమ పక్క పొడవాటి గీత, క్లచ్ లీవరు కొస విరిగి ఉంది, ఇంజను కింది రేకుకు రెండు సొట్టలు, ఒళ్లంతా దుమ్ము. ఇంజను చల్లగా ఉంది. బటను నొక్కగానే ఒకసారి గొంతు సవరించుకుని, నింపాదిగా, పొగ లేకుండా పలికింది. ఆయిలు నల్లగా ఉంది గాని చిక్కగానే ఉంది. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను బలంగా కిందికి నొక్కితే ఫోర్కులు దిగి, నిట్టూర్చకుండా లేచాయి, రాడ్లు పొడిగా ఉన్నాయి. స్వింగ్ ఆర్మును పక్కలకు గుంజితే ఊగలేదు. మెకానిక్కు స్పానరు తీసి పోచలను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయాడు. త్యాగరాజస్వామి ఆరాధనలో కూర్చున్న రసికుడిలా కళ్లు మూసుకుని విన్నాడు. అన్నీ ఒకే శ్రుతిలో మోగాయి, ఒక్కటి మాత్రం అపస్వరం పలికింది, దాన్ని బిగిస్తే సరిపోతుంది. లోపాలు లేకపోలేదు. చైను వెనక్కి లాగితే స్ప్రాకెట్టు మీంచి సగం పన్ను ఎత్తు లేచింది, వెనక టైరు అరిగింది. కానీ దాచిన లోపం ఒక్కటీ లేదు.

"చెమట పట్టింది, దండ వాడింది, దుమ్ముంది" అని నాయకుడు గొణిగాడు. ఎక్కి కాస్త పక్కకు జరిగితే ఎడమ పాదం పూర్తిగా నేలకు ఆనింది, కుడికాలు మునివేళ్ల మీద నిలిచింది.

ధనుర్భంగం

మళ్లీ గోనెసంచులు పరిచారు. ఈసారి మెకానిక్కు రహస్యోపదేశం చేశాడు. "చేతుల బలంతో కాదు సార్, కాళ్లతో లేపాల. ఇంజన్ ఆపి, గేరులో పెట్టండి, జారకుండా ఉంటాది. కుడిపక్క పడుంటే సైడ్ స్టాండ్ ముందే తీసి పెట్టుకోండి. హ్యాండిల్ మీ వైపుకి పూర్తిగా తిప్పండి. బండికి వీపు పెట్టి, నడుము సీటుకు ఆనించి గొంతుక్కూర్చోండి. ఒక చెయ్యి హ్యాండిల్ గ్రిప్పు మీద, ఇంకొకటి వెనక క్యారియరు మీద. ఇప్పుడు వెనక్కి చిన్న చిన్న అడుగులేస్తా లేవండి."

లెక్చరరుగారికి మీట సూత్రం హఠాత్తుగా సజీవమై కనిపించింది. గొంతుక్కూర్చున్నాడు, ఊపిరి బిగించాడు, ఒక అడుగు, రెండడుగులు, మూడడుగులు. నూట యాభై కిలోల పైచిలుకు లోహరాశి మూలుగుతూ లేచి సైడ్ స్టాండ్ మీద నిలబడింది. దేవతలు పుష్పవృష్టి కురిపించే ఘట్టం ఇది. రేకుల కప్పు అడ్డం రావడంతో కాస్త తుప్పు మాత్రం రాలింది. ఇట్టి సందర్భంలో పద్యం లేకపోతే పాపం తగులుతుంది.

కాళ్లు నేల నంటు కడుఁ దేలికైనట్టి
బండి యొకటె చాలు పడిన వేళ
ఒంటిగాను లేపి యొయ్యన నెక్కంగ
వలయు కాదె వీరవరుల కెల్ల

ద్యూతపర్వం, పాణిగ్రహణం

పాచికలు పరిచారు. యజమాని లక్షా అయిదు వేల దగ్గర పందెం వేశాడు. మెకానిక్కు చైను స్ప్రాకెట్ సెట్టు వేశాడు. ఆయన లక్షకు దిగాడు. ఈయన వెనక టైరు వేశాడు. ఆయన తొంభై అయిదన్నాడు. ఈయన విరిగిన లీవరు, అపస్వరం పలికిన పోచ వేసి, బస్సు టైమవుతోందని లేచి నిలబడ్డాడు. లేచి నిలబడడం బేరశాస్త్రంలో బ్రహ్మాస్త్రం. ఎనభై ఆరు వేలకు తెగింది. ధర్మరాజుకు ఇలాంటి మెకానిక్కు ఒకడు తోడుంటే అరణ్యపర్వం రాయాల్సిన పని వ్యాసుడికి తప్పేది.

కాని డబ్బు చేతులు మారక ముందు జాతకాలు కలవాలి. ఫ్రేము మెడ మీద గుద్దిన చాసిస్ నంబరు, ఇంజను మీది నంబరు, ఆర్‌సీలోని నంబర్లు అంకె అంకె సరిచూశారు. పాత యజమాని అప్పు చేసి కొన్న బండి గనుక, బ్యాంకు బాకీ తీరిందని 35వ ఫారం ఉందో లేదో అడిగారు. కట్టని చలానాలు లేవని చూసుకున్నారు. కన్య కర్ణాటక వాసి, కాపురం ఆంధ్రాలో. అందుచేత పుట్టింటి ఆర్టీఓ దగ్గర 28వ ఫారంతో నిరభ్యంతర పత్రం, చేతులు మారినందుకు 29, 30 ఫారాలు, మెట్టినింట లైఫ్ ట్యాక్సు, కొత్త నంబరు, వీటన్నిటి ఖర్చు ముందే కలుపుకుని చూసుకున్నారు. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లోగా తన పేరుకు మార్చమని అడగాలని మెకానిక్కు గుర్తు చేశాడు. ఆ కాగితాల కోసం నాయకుడు ఆర్టీఓ ఆఫీసు బెంచీ మీద పడిన విరహం వర్ణించడానికి మేఘదూతంలోని యక్షుడైనా చాలడు. ఆయనకు కనీసం మేఘం జవాబు చెప్పకుండా పోయేది, ఇక్కడ "రేపు రండి" అని చెప్పి మరీ పంపేవారు.

రణవర్ణన

మొదటి యుద్ధం హార్స్‌లీ హిల్స్ మీద జరగలేదు. అక్కడి అడవిలో అనుమతి లేకుండా బండి దింపడం తప్పని మెకానిక్కు ముందే ఆపాడు. బాహుదా ఏటి ఒడ్డున, నీళ్లు మడమల లోతున్న చోట, పక్కనే ఇసుకమేట. నాయకుడు హెల్మెట్టు, బూట్లు, గార్డులు ధరించి రంగంలోకి దిగగా, గట్టు మీద మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఇదేదో సినిమా షూటింగ్ అనుకుని కాసేపు నిలబడ్డాడు. ఇసుకలోకి దిగిన ముందు చక్రం ఎడమకు తిరగనా, కుడికి తిరగనా అని అరక్షణం ఆలోచించి, రెండూ మానుకుని ఆగిపోయింది. నాయకుడు మాత్రం న్యూటన్ మొదటి సూత్రాన్ని గౌరవించి ముందుకు సాగాడు. గురుత్వాకర్షణ ఒంటి మీద నిరూపణ అయింది. బూటు మీద బండి పడింది, బూటుకు గీత పడింది, చీలమండకు పడలేదు. ఒంటికని పక్కన పెట్టించిన నాలుగో వంతు ఆ ఒక్క క్షణంలో వడ్డీతో సహా తిరిగి వచ్చింది. లేచి, వీపు ఆనించి, చిన్న చిన్న అడుగులతో బండిని లేపి, మళ్లీ ఎక్కాడు. మేకల పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

ఇది శ్రీమత్ పెట్రోల్‌బంకు కటాక్ష లబ్ధ కవితావిలాస, గ్రీజు మరక సంశోభిత వస్త్ర, మెకానిక్ వరప్రసాద ప్రణీతంబైన ధూళిరథ స్వయంవరంబను ప్రబంధంబునందు సర్వంబును ఏకాశ్వాసము.

ఫలశ్రుతి

ఈ కావ్యం చదివినవారికి ఎముకలు నిలుచుగాక, విన్నవారికి ఈఎంఐలు తీరుగాక. కొనబోయేవారికి మాత్రం నాలుగు మాటలు. బండి చూడడానికి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా వెళ్లండి, వెళ్లేది ముందే చెప్పకపోతే మరీ మంచిది. మీ ఊరి మెకానిక్కును వెంట తీసుకెళ్లి, ఆయన కూలీ ముందే ఇవ్వండి. మీకంటే బరువైన ఆశలు పెట్టుకోండి, మీరు లేపలేని బండి మాత్రం కొనకండి. నేర్చుకోవడానికి గురువు కావాలంటే, సంతోష్ నెలకొల్పిన బిగ్ రాక్ డర్ట్ పార్కు కోలారు దగ్గరే ఉంది, మదనపల్లెకు అది పొరుగు. హెల్మెట్టుకూ బూట్లకూ డబ్బు మిగలలేదంటే, మీరు చూస్తున్న బండి ఎంత మంచిదైనా అది మీ స్తోమతకు మించినదే. దండ వెనక్కి తీసుకుని, పక్క ఆసనం వైపు నడవండి.